మేనకోడలి పెళ్లికి బలిగె దాకా

మొదటి రోజు, మంగళవారం

క్వాలనాము ఎయిర్‌పోర్టులో దిగేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్, అక్కడి నుంచి మేడాన్. రాత్రంతా అక్క కన్ను మూయలేదు. మంగళగిరి చీరల సంచి ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. పైన పెడతాను ఇవ్వమంటే ఇవ్వలేదు.

మా మేనకోడలు సింగపూర్‌లో నర్సు. అక్కడే పరిచయమైన అబ్బాయిది ఇండోనేషియాలోని ఉత్తర సుమత్రా. తోబా బటక్ జాతి వాళ్లు. ఆ దేశంలో పెళ్లి ఏదో ఒక మతం ప్రకారం జరగాలి. వేర్వేరు మతాల జంటల పెళ్లిని రిజిస్టర్ చేయించొద్దని 2023లో అక్కడి సుప్రీంకోర్టు కింది కోర్టులకు చెప్పింది కూడా. మాకు ఆ ఇబ్బంది రాలేదు. మా గుంటూరుకు 1842లో హయ్యర్ దొర వచ్చి లూథరన్ సంఘం పెట్టినట్టే, వీళ్ల దగ్గరికి 1862లో నొమ్మెన్సెన్ అనే జర్మన్ మిషనరీ వచ్చాడు. ఆయన నిలబెట్టిన సంఘం కూడా లూథరన్ సంప్రదాయమే. మా పాస్టరు గారి లెటర్, బాప్తిస్మం సర్టిఫికెట్ చూసి అక్కడి చర్చివాళ్లు సంతోషంగా పెళ్లి ప్రకటనలు చదివారు.

చిక్కు వచ్చింది ఇంకో చోట. మూడు నెలల కిందట పిల్ల ఫోన్ చేసి, "అమ్మా, పెళ్లికి ముందు వాళ్ల మేనమామ నన్ను కూతురిగా తీసుకోవాలట, లేకపోతే వాళ్ల పద్ధతిలో పెళ్లి కుదరదట" అంది. అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అడిగింది: "నీకు నాన్న లేడా?"

బావ పోయి ఆరేళ్లయింది. ఆ మాటకు పిల్ల ఏం చెప్పగలదు?

సియంతర్ దాటి, పరపత్ దగ్గర కారు మలుపు తిరగ్గానే తోబా సరస్సు కనిపించింది. వంద కిలోమీటర్ల పొడవు, ముప్ఫై కిలోమీటర్ల వెడల్పు, మధ్యలో సమోసిర్ దీవి. సుమారు 74 వేల ఏళ్ల కిందట ఇక్కడ అగ్నిపర్వతం పేలితే పడిన గొయ్యి ఇది. ఆ బూడిద మన దాకా వచ్చింది. బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో నేలను తవ్వితే రెండు మీటర్లకు పైగా మందాన ఆ బూడిద పొర ఉంది. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. పిల్లల్ని తీసుకెళ్లి ఆ తెల్లటి పొరను చేత్తో ముట్టుకుని చూపించాను. అది ఎగిరొచ్చిన చోటు ఇప్పుడు కళ్లెదుట ఉంది. అక్కకు చెప్పాను. "అంత దూరం వచ్చిందా" అని నీళ్ల వైపే చూస్తూ ఉండిపోయింది.

బలిగె చేరేసరికి రాత్రి తొమ్మిది.

రెండో రోజు, బుధవారం

పెళ్లికొడుకు ఇంట్లో కూర్చోబెట్టి అంతా విడమరిచి చెప్పారు. వాళ్ల నాన్నగారు వాళ్ల భాషలో చెబుతుంటే అబ్బాయి ఇంగ్లిష్‌లో, పిల్ల తెలుగులో మాకు అందిస్తూ వచ్చారు.

వాళ్లకు బంధుత్వమంటే మూడు రాళ్ల పొయ్యి. దలిహన్ నా తోలు అంటారు. ఒక రాయి మనకు పిల్లనిచ్చినవాళ్లు, హులా-హులా. రెండో రాయి మన ఇంటిపేరు వాళ్లు, దోంగన్ తుబు. మూడో రాయి మన పిల్లను చేసుకున్నవాళ్లు, బోరు. హులా-హులాకు తల వంచాలి, బోరును బుజ్జగించాలి, సొంత ఇంటిపేరు వాళ్లతో ఒళ్లు దగ్గర పెట్టుకుని మెలగాలి. ఒక పెళ్లిలో హులా-హులాగా పెద్దరికం చేసినాయనే రేపు ఇంకో పెళ్లిలో బోరుగా వడ్డన చేస్తాడు. ఇంటిపేరును మర్గ అంటారు. వీళ్లది సిమన్‌జుంతాక్. ఒకే మర్గ వాళ్లు పెళ్లాడకూడదు, మన సగోత్రం లాగే.

పెళ్లిలో మగపెళ్లివాళ్లు హులా-హులాకు మాంసం పెడతారు. హులా-హులా వాళ్లు చేప పెట్టి, ఉలోస్ కప్పుతారు. ఉలోస్ అంటే వాళ్లు నేసే వస్త్రం. పెళ్లికూతురికి మర్గ లేకపోతే హులా-హులా లేరు. అప్పుడు మాంసం ఎవరికి పెట్టాలి? ఉలోస్ ఎవరు కప్పాలి? పొయ్యికి ఒక రాయి లేనట్టే.

ఇక్కడ నాకొక సంగతి తట్టి ఒళ్లు జలదరించింది. బటక్ అబ్బాయికి మేనమామ కూతురు వరసైన పిల్ల. పరిబన్ అంటారు. మేనత్త కూతురు మాత్రం చెల్లెలి వరస. మనకు ఇద్దరూ వరసే, వాళ్లకు ఒక్కతే. అందుకే బయటి పిల్ల కోడలిగా వస్తుంటే అబ్బాయి మేనమామే, వాళ్ల మాటలో తులాంగ్, ఆమెను కూతురిగా తీసుకుంటాడు. అంటే ఎక్కడి పిల్లనైనా నలుగురి ముందు మేనరికం చేసేసుకుంటారన్నమాట! 2017లో అప్పటి అధ్యక్షుడు జోకో విడోడో కూతురు మండైలింగ్ బటక్ అబ్బాయిని చేసుకున్నప్పుడూ ఇంతే. ఆమె జావా పిల్ల. మేడాన్‌లో ఆమెకు పెళ్లికొడుకు తల్లి మర్గ సిరెగర్ ఇచ్చారు.

"చర్చిలో పెళ్లి చేసి ఊరుకుంటే ఏమవుతుంది?" అని అడిగాను. అబ్బాయి మేనత్త ఒకావిడ అక్కడే ఉంది. జావా అతన్ని చేసుకుంది. అప్పట్లో పెద్దలు కుదరదన్నారు, వీళ్లూ పట్టించుకోలేదు. ఇరవై ఏళ్ల పాటు ఏ పెళ్లికి వెళ్లినా వెనక బల్ల మీద కూర్చోవడమే. కూతురి పెళ్లి దగ్గరపడ్డాక తెలిసింది, తమ పెళ్లి ఆచారం పూర్తి కాకుండా కూతురిది చేయడానికి లేదని. అప్పుడు భర్తకు మర్గ తీసుకుని, పెద్దలకు విందు పెట్టి తన పెళ్లి పూర్తి చేసుకుంది. మంగాదాతి అంటారు దాన్ని. ఆవిడ అక్క చెయ్యి పట్టుకుని చెప్పిన మాట పిల్ల మాకు తెలుగులో చెప్పింది: "నేను పడ్డది మీ అమ్మాయి పడకూడదు."

తర్వాత సినామోత్ మాట వచ్చింది. మన పాత మాట ఓలి ఉంది చూశారూ, అదే. మగపెళ్లివాళ్లు ఇచ్చేది. అక్క ముఖం మాడిపోయింది. తన పెళ్లికి కట్నం కోసం మా నాన్న అర ఎకరం అమ్మాడు. ఇన్నేళ్లయినా ఆ పొలం పక్కనుంచి బస్సు వెళ్తుంటే తల తిప్పుకుంటుంది. "పిల్లకు వెల కట్టేది ఎవరైతేనేం" అంది. వెల కాదని, ఆ డబ్బు అక్కడికక్కడే విందుకీ, సాక్షులుగా వచ్చిన బంధువుల వాటాలకీ పంచేస్తారని వాళ్లు చెప్పారు. తల్లిగా నీ వాటా నువ్వు తీసుకోవాలన్నారు. అక్క ఒప్పుకోలేదు. ఆ విషయం అలాగే వదిలేశారు. బలవంతం చేయకపోవడం నాకు నచ్చింది.

వచ్చేముందు వాళ్ల నాన్నగారు చూరులోంచి ఒక వెదురు బొంగు తీశారు. మీద సన్నగా చెక్కిన గీతలు, గళ్లు. పాత పంచాంగం, పోర్హలాన్. నెలలో మొదటి ఏడు రోజుల పేర్లు వేలు పెట్టి చదివారు: అర్తియా, సుమా, అంగ్గరా, ముదా, బొరస్పతి, సింగ్కొరా, సమిసరా. అక్క ఒక్కసారిగా నా వైపు తిరిగింది. "ఆదిత్య, సోమ, అంగారక... ఒరేయ్, బృహస్పతి రా!" గుంటూరు వదిలాక ఆమె నవ్వడం అదే మొదలు.

మూడో రోజు, గురువారం

తరుతుంగ్ వెళ్లాం. సిలిందుంగ్ లోయ అంతా పచ్చటి వరి పొలాలు. తులాంగ్ గారిల్లు అక్కడే. వాళ్ల మర్గ హుతాబరత్.

బోరు వరసలో ఉన్న పెళ్లికొడుకు తల్లిదండ్రులు వండిన మాంసం గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లారు. హులా-హులా ఇంటికి ఉత్త చేతులతో వెళ్లకూడదు. కింద చాపలు. తులాంగ్ గారు, ఆయన భార్య నన్‌తులాంగ్ గారు మధ్యలో కూర్చున్నారు. ఒక పక్క హుతాబరత్ అన్నదమ్ములు, ఇంకో పక్క ఆమె పుట్టింటివాళ్లు. ఈ పిల్లను తీసుకోవడానికి సమ్మతమేనా అని ఒక్కొక్కరినీ అడిగారు, ఒక్కొక్కరూ నోరు తెరిచి ఔనన్నారు. వాళ్లకు ముగ్గురు పిల్లలు. మా పిల్ల నాలుగోది అవుతుందని అక్కడే చెప్పారు. వరస తేలకుండా ఎవరినీ ఇంట్లోకి తీసుకోరు.

అప్పుడు తులాంగ్ గారు లేచొచ్చి అక్క ఎదురుగా కూర్చున్నారు. ఇది మా కోసం చేర్చిన ఘట్టమని తర్వాత తెలిసింది. "నేను మీ ఆయన స్థానంలోకి రావడం లేదు. మా దగ్గర ఈ పిల్ల నిలబడడానికి చోటు కావాలి, ఆ చోటు నేనిస్తున్నాను. మీ ఆయన పేరు చెప్పండి, ప్రార్థనలో ముందు ఆ పేరే వస్తుంది" అన్నారు.

అక్క తలొంచుకుని బావ పేరు చెప్పింది. ముప్ఫై రెండేళ్లలో ఆమె నోట ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి. మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. ఎక్కడైనా రాయాల్సి వస్తే అక్క నన్ను పిలిచేది. అక్కడ, ఆ చాప మీద, తెలుగు రాని ఇరవై మంది ముందు చెప్పింది. వాళ్ల పెద్దాయన ఆ పేరును రెండు మూడుసార్లు పలికి చూసుకుని సరిగ్గా పట్టుకున్నారు, తర్వాతే ప్రార్థన మొదలుపెట్టారు.

ఆ తర్వాత నన్‌తులాంగ్ గారు పిల్లను దగ్గరికి లాక్కుని తన చేత్తో చేప ముద్ద తినిపించారు. బంగారు రంగు చేప, పొలుసుతో సహా అలాగే పసుపు రసంలో ఇగిరేదాకా వండింది. దీన్ని అర్సిక్ అంటారు. అందులో వేసే అందలిమన్ అనే మిరియం లాంటి గింజ కొరికితే నాలుక తిమ్మిరెక్కుతుంది. మా గుంటూరు మిరప మండిస్తుంది గానీ ఇలా నాలుకను మొద్దుబార్చదు. నీళ్లు తాగించారు. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు భుజాల చుట్టూ ఉలోస్ కప్పారు.

ఆఖరున పళ్లెంలో బియ్యం. పసుపు కలపని తెల్లటి బియ్యం. బొరాస్ సిపిర్ ని తొంది అంటారు. తొంది అంటే లోపలి ప్రాణం, అది గింజలా గట్టిగా ఉండాలని దీవెన. తులాంగ్ గారు చిటికెడు తీసి పిల్ల నడినెత్తిన పెట్టారు. ఆమె కూడా పెట్టి, పళ్లెం అక్క ముందుకు జరిపారు. అక్క చప్పున వెనక్కి జరిగింది. "నేనెందుకు, మీరే వెయ్యండి" అంది. చర్చికి వెళ్లే ఇల్లే అయినా, బావ పోయినప్పటి నుంచి ఏ శుభకార్యంలోనూ అక్షింతలకు ఆమె ముందు నిలబడలేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ రమ్మనీ అనలేదు. నేనూ అనలేదు. అది నా తప్పు, నాకిప్పటికి తెలిసింది.

నన్‌తులాంగ్ గారికి ఈ సంగతేమీ తెలియదు. అక్క గుప్పిట విప్పి, అందులో బియ్యం పోసి, ఆ చేతిని పిల్ల తల మీదికి తీసుకెళ్లారు. గింజలు జారి పిల్ల జడలో ఇరుక్కున్నాయి. రాత్రి బలిగెలో దువ్వుకుంటుంటే రాలాయి. పిల్ల వాటిని ఏరి పాస్‌పోర్టు కవరులో పెట్టుకుంది.

నాలుగో రోజు, శుక్రవారం

పొద్దున బలిగె సంతలో ఉలోస్ చూశాం. నూలును ముందే కట్టి అద్దకం వేసి నేస్తారు, మన పోచంపల్లి చిటికీ లాగే. ముదురు ఎరుపు, నలుపు, నీలం. కొసల్లో వేలాడే దారపు కుచ్చులు.

మధ్యాహ్నం పెద్దల మీటింగు. గంటల తరబడి సాగింది. రేపు కొత్త జంటకు కప్పే ఉలోస్ హేలా గురించి పేచీ. దాన్ని హులా-హులా మాత్రమే కప్పాలి. కన్నతల్లి కూడా ఒక కొస పట్టుకుంటుందని తులాంగ్ గారన్నారు. సిమన్‌జుంతాక్‌లలో ఒక ముసలాయన కుదరదన్నాడు. బటక్ కానివాళ్ల చేతి మీదుగా ఉలోస్ రావడం తన తాతల కాలం నుంచి లేదన్నాడు. అబ్బాయికి కోపం వచ్చింది. నాకు మాత్రం ఆ ముసలాయన మాట తప్పనిపించలేదు. అడిగిన ప్రతివాళ్ల కోసం ఒక్కో ముడి విప్పుతూ పోతే ఆఖరికి కప్పడానికి గుడ్డే మిగలదు. మాకోసం వాళ్ల పెళ్లిని పల్చన చేయడం మాకూ ఇష్టం లేదు.

దారి నన్‌తులాంగ్ గారే చూపించారు. "ఈమె నాకు అక్క" అన్నారు. అంతే. అక్క ఆమెకు అక్క అయితే హులా-హులా వైపు మనిషి, ఉలోస్ కొస పట్టుకోవచ్చు. ముసలాయన కాసేపు వేళ్ల మీద లెక్క చూసుకుని, సరేనని తలూపాడు. పద్ధతి మారలేదు, అందులో అక్కకు వరస దొరికింది.

పంది మాంసం తినని మా నలుగురికీ వేరే పొయ్యి, వేరే గిన్నెలు పెట్టారు. అలాంటివాళ్లకు పెట్టే భోజనాన్ని పర్సుబంగ్ అంటారు. బంధువుల్లో ముస్లింలు ఉంటారు కాబట్టి ప్రతి పెళ్లిలోనూ ఈ ఏర్పాటు మామూలేనట.

ఐదో రోజు, శనివారం

తెల్లవారుజామున బలిగెలోని హుతాబరత్ బంధువుల ఇంట్లో మర్సిబుహా-బుహాయి, అంటే పెళ్లి రోజును మొదలుపెట్టే భోజనం. మగపెళ్లివాళ్లు మాంసం తెచ్చారు, మేం చేప పెట్టాం. కలిసి టిఫిన్ చేసి చర్చికి వెళ్లాం. ఆరాధన మన పెళ్లి ఆరాధనే, భాషే వేరు.

పన్నెండుకు హాల్లో ఉలావోన్ ఉంజుక్, అంటే ఆచారం ప్రకారం జరిగే అసలు పెళ్లి వేడుక, మొదలైంది, రాత్రి ఏడింటికి ముగిసింది. హాలుకు ఒక వైపు వాళ్లు, ఎదురుగా మేం. రెండు వైపులా మాట్లాడడానికి ఒక్కో పెద్దమనిషి ఉంటాడు. మాటకు మాట ఉంపాసా చెబుతారు, ప్రాసతో నాలుగు పాదాల దీవెనలు. ప్రతి దాని చివరా హాలంతా "ఇమా తుతు" అంటుంది. "అలాగే అగుగాక" లాంటిది. నాలుగో ఉంపాసాకల్లా అక్క కూడా అంటోంది. పెళ్లికొడుకు చెల్లెలు మా వెనకే కూర్చుని ఒక్కోటీ అర్థం చెప్పింది.

పందిని భాగాలు చేసి, తల, మెడ, పక్కటెముకలు ఏవి ఏ వరసవాళ్లకో పేరు పెట్టి పిలిచి ఇచ్చారు. ఆ వాటాను జంబర్ అంటారు. మా పేరు పిలిచినప్పుడు లేచి రెండు చేతులతో అందుకున్నాం. తినడం తినకపోవడం వేరు, పిలిస్తే పలకడం వేరు.

కొత్త జంటను నిలబెట్టారు. రగి హోతంగ్ అనే ఉలోస్ తెచ్చారు. హోతంగ్ అంటే బెత్తం తీగ. తీగతో కట్టినంత గట్టిగా ఉండాలని ఆ నేత. తులాంగ్ గారు కుడి కొస, నన్‌తులాంగ్ గారు ఎడమ కొస పట్టుకుని ఇద్దరి భుజాలనూ కలిపి చుట్టారు. ఎడమ కొస మీద, నన్‌తులాంగ్ గారి చేతికి పక్కనే, అక్క చెయ్యి. ఎర్రటి కుచ్చులు ఆమె వేళ్ల మధ్య నుంచి వేలాడుతున్నాయి. మాట్లాడే పెద్దాయన హుతాబరత్ తాతల పేర్లు వరసగా చెప్పి, ఆగి, బావ పేరు చెప్పారు. గుంటూరు పేరూ చెప్పారు. అక్క ఏడవలేదు. ఏడ్చింది నేను.

ఆ తర్వాత ఉలోస్‌లు వస్తూనే ఉన్నాయి. అన్నీ గుడ్డలే అయితే జంట కిందపడేది. చాలామంది కవర్లు ఇచ్చారు. వాటిని "ఒక్క రోజులో నేసిన ఉలోస్" అంటారు. నాకెంతో ముచ్చటేసిన మాట.

సాయంత్రం సినామోత్ వాటాలు. పెళ్లికూతురి మేనమామకు ఒక వాటా ఉంటుంది, ఉపా తులాంగ్. పద్ధతి ప్రకారం అది నన్‌తులాంగ్ గారి తమ్ముడిది. పిలిచారు, ఆయన లేచాడు. లేచి నేరుగా నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. నిన్న అక్క వరస కుదిరినప్పుడే నా వరసా కుదిరింది, నేనే గమనించలేదు. నా అక్క ఆయన అక్కకు అక్క, కాబట్టి పిల్లకు మేనమామలం ఇద్దరం. కవరు ఇద్దరి చేతుల్లోనూ పెట్టారు.

వద్దనబోయాను. "వద్దంటే పిల్ల మీకేమీ కాదన్నట్టు" అని వెనక నుంచి పెళ్లికొడుకు చెల్లెలు హెచ్చరించింది. తీసుకున్నాను. తిరిగి చూస్తే అక్క కూడా తన వాటా కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఎప్పుడు తీసుకుందో, ఏమని తీసుకుందో అడగలేదు.

ఆరో రోజు, ఆదివారం

ఆరాధన అయ్యాక కొత్త జంట మా హోటల్ గదికి వచ్చారు. పెళ్లయ్యాక అమ్మాయి పుట్టింటికి వెళ్లాలి, పౌలక్ ఉనే అంటారు. నిన్న హాల్లోనే లాంఛనంగా ముగించారు. అయినా పిల్ల అత్తగారు ఊరుకోలేదు, గిన్నెతో భోజనం కట్టి పంపింది. అక్క సంచి విప్పి మంగళగిరి చీరలు తీసింది: ఒకటి అత్తగారికి, ఒకటి నన్‌తులాంగ్ గారికి, ఒకటి ఇరవై ఏళ్లు వెనక బల్ల మీద కూర్చున్న ఆ మేనత్తకు.

జనవరిలో గుంటూరులో రిసెప్షన్. మంగళసూత్రం మా పాస్టరు గారి చేత ప్రార్థన చేయించి అక్కడే కట్టించాలని అనుకున్నాం. తులాంగ్ గారు, నన్‌తులాంగ్ గారు, ఆమె తమ్ముడు వస్తున్నారు. "మేము ఎటువైపు కూర్చోవాలి?" అని తులాంగ్ గారు అడిగారు. వాళ్లకది చిన్న ప్రశ్న కాదు. వరసకు అబ్బాయి మేనమామ, పిల్లకు తండ్రి. మా హాల్లో అలాంటి కుర్చీ ఇప్పటిదాకా వేయలేదు. ఆలోచించి చెబుతానన్నాను.

కారులో మేడాన్ వెళ్తుంటే అక్క నా ఫోన్ తీసుకుని రిసెప్షన్ కార్డు మాటలు టైపు చేయించింది. పిల్ల పేరు, కింద బావ పేరు. దాని పక్కన "మరియు" అని పెట్టమంది. తర్వాత తులాంగ్ గారి పేరు, హుతాబరత్‌తో సహా. తెలుగులో ఎలా రాయాలో నాకు అనుమానం వచ్చింది. "బరత్ అని రాయి, భరత్ అని రాయకు, ఆయన పేరు తప్పు పోకూడదు" అంది. రెండుసార్లు చదివించుకుని చూసింది.